చేర్యాలలో చేయించుకున్న భావనారుషి పటం

మేం పద్మశాలీలం, ఇల్లు వరంగల్ కొత్తవాడలో. మా బాపు చిన్నప్పుడు మా కులానికి కథలు చెప్పే కూనపులి వాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లట, పొడుగు పటం వేలాడదీసి, కథ నడిచిన కొద్దీ ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ. అందుకే అలాంటి పటాలు గీసే చేర్యాల ఊరి పేరుతో అమ్ముతుంటే ఒక ఎగ్జిబిషన్‌లో 900 పెట్టి నేను తెచ్చిన 'చేర్యాల బొమ్మ' చూసి ఆయన ఒకటే అడిగాడు, "ఇండ్ల కథేది బిడ్డా?" అని. తిప్పి చూస్తే మామూలు బట్ట మీద ప్రింటు. చాలా బాధేసింది.

తర్వాత బాపును తీసుకుని జనగామ మీదుగా చేర్యాలకే పోయాం. అది మన పాత వరంగల్ జిల్లానే, 2016 నుంచి సిద్దిపేటలో కలిసింది. తరతరాలుగా ఈ పటాలు గీసే ఒక నకాషి కుటుంబం ఇంట్లోనే పని చూపించారు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు, అది ఆరాకే గీత మొదలు. అసలుదా కాదా అన్నది చేత్తో తడిమితేనే తెలిసిపోతుంది, బట్ట అట్టలాగా బిగిసి ఉంటుంది. కథ చెప్పే పటాలు మూడడుగుల వెడల్పుతో 40 అడుగుల దాకా ఉండేవట, మేం అడిగింది మాత్రం మూడే ఘట్టాల చిన్న పటం. మా కులమూలపురుషుడు భావనారుషి తామర తూళ్ల నూలుతో దేవతలకు బట్ట నేసే ఘట్టం ఉండాల్సిందేనని బాపు పట్టుబట్టాడు. 4,500 తీసుకున్నారు. పటం వెనక ఆ ఎర్రటి రంగు మీద మగ్గం బొమ్మ ఎంత ముద్దుగా వచ్చిందో, ఆ డబ్బు నాకు ఎక్కువ అనిపించలేదు.

మాస్కులు కూడా ఒక జత తెచ్చాం. కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో ముఖం తీర్చి రంగులేస్తారు. తేలికగా ఉన్నాయి, బాగున్నాయి.

ఇబ్బంది అంటే ఆలస్యమే. పది రోజులన్నది నెల పట్టింది, బాపు రోజూ అడుగుతుంటే నాకు టెన్షన్. పైగా రెడీగా దొరికేవి ఎక్కువగా బతుకమ్మ, ఎడ్లబండి, కల్లుగీత బొమ్మలే, అవే అమ్ముడుపోతాయట. కథ ఘట్టం కావాలంటే ముందే ఫోన్ చేసి, ఏ పురాణం, ఏ ఘట్టం అని చెప్పి గీయించుకోండి, వీలైతే ఆ కథ తెలిసిన పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. మా బాపు, ఆ గీసే పెద్దాయన కలిసి ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ రావాలో మాట్లాడుకుంటూ గంటన్నర కూర్చున్నారు.