ఎనిమిదిలో ఆల్జీబ్రా: టీచర్ సిఫారసా, ఆటోమేటిక్ సీటా?

పిల్లలు ఐదో తరగతికొస్తే చాలు, టెక్సస్‌లో మనవాళ్ళ ఫోన్లు మొదలు: "అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో ఎలా వేయించాలి?" ఆరులో అది పడితే ఎనిమిదిలో ఆల్జీబ్రా, హైస్కూల్ అయ్యేలోపు కాల్క్యులస్. ఈ లెక్క తెలియని తెలుగిల్లు లేదు.

పాత పద్ధతి టీచర్ సిఫారసు. రోజూ చూసే మనిషికి మార్కుల్లో కనపడనివి తెలుస్తాయి, కాదనను. కానీ ఎవరి మీద ఎంత ఆశ పెట్టుకుంటారన్నది రంగును బట్టి మారుతోంది. 2016లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఒకే నల్లజాతి విద్యార్థి గురించి ఇద్దరిద్దరు టీచర్లు చెప్పిన అంచనాలు పోల్చారు. ఆ పిల్లాడు నాలుగేళ్ళ డిగ్రీ పూర్తి చేస్తాడని తెల్ల టీచర్ అనుకునే అవకాశం నల్ల టీచర్ కన్నా దాదాపు 30 శాతం తక్కువట. మన పిల్లలది దీనికి తిరగేసిన కథ. మా అమ్మాయి ఏడో ఎక్కం దగ్గర తడబడే రోజుల్లో కూడా దానికి లెక్కలు రావేమోనని స్కూల్లో ఎవరికీ అనుమానం రాలేదు!

అయినా నాకు అసలు తేడా కనిపించేది అడగాల్సిన పని ఎవరిదన్న దగ్గర. సిఫారసు రాకపోతే మనం ఊరుకుంటామా? రాత్రికి మెయిల్, పొద్దున్నే కౌన్సెలర్ ముందు కుర్చీ. రెండు షిఫ్టులు చేసే తల్లికి అలా అడగొచ్చనే తెలియదు. డాలస్ స్కూళ్ళు 2019లో దీన్నే తిప్పేశాయి: టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో సరిపడా మార్కొస్తే ఆనర్స్‌లో, అంటే పైస్థాయి క్లాసులో, వాళ్ళే వేస్తారు, వద్దంటేనే తల్లిదండ్రులు చెప్పాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా చదివేవాళ్ళు సుమారు 20 శాతం నుంచి 60 శాతానికి చేరారు. 2023లో రాష్ట్రమంతా చట్టమైంది. ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉంటే చాలు, ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వేసేస్తారు. పరీక్ష రోజు జ్వరమొస్తే? అక్కడ టీచర్ మాట కావాలి, కాకపోతే ఒకరిని చేర్చడానికే, తీసేయడానికి కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కో 2014లో ఎనిమిదిలో ఆల్జీబ్రానే ఎత్తేసింది, అందరూ సమానమవుతారని. పై క్లాసుల్లో జాతుల మధ్య తేడా తగ్గలేదు, 2024లో వెనక్కి తెచ్చుకోవాలని నిర్ణయించింది. ఇక వచ్చినా రాకున్నా అందరినీ ఆల్జీబ్రాలో కూర్చోబెట్టడమంటారా, దాని గురించి రాయడం కూడా దండగ.

పోయినేడు మా ఇంటికీ ఆ ఉత్తరం వచ్చింది. ఒక పక్క ఇంగ్లిష్, వెనక స్పానిష్: చేర్చాం, వద్దనుకుంటే సంతకం చేసి పంపండి. అది మా అమ్మాయి బ్యాగు అడుగున, అరటిపండు మరకతో, రెండు వారాలు నలిగింది. మేం విప్పి చూసేసరికి గడువు దాటిపోయింది, సీటు మాత్రం అలాగే ఉంది.