స్మాష్ బ్రదర్స్: మంత్రగత్తెతో కాదు, కథతోనే నా పేచీ

మా ఇంటికి సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ వచ్చినప్పటి నుంచి, ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒక సిస్టర్ నన్ను పక్కకు పిలిచి అడుగుతూనే ఉంటారు: "అందులో దయ్యాలుంటాయటగా వదినా?" ఉంటాయి. కానీ నా అభ్యంతరం వాటి మీద కాదు.

2018 డిసెంబరులో నింటెండో కంపెనీ వాళ్ల స్విచ్ అనే గేమ్ మెషీన్‌కి వచ్చిన ఆట ఇది. మారియో, పికాచు, సోనిక్, పాక్‌మ్యాన్ లాంటి వేర్వేరు కంపెనీల హీరోలంతా ఒకేచోట కొట్టుకుంటారు. మన దగ్గర సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దొరికేది దిగుమతి సరుకే, బేరమాడి తీసుకోండి. అమెరికా రేటింగ్ పదేళ్లు, ఆ పైవాళ్లకి, యూరప్‌లో 12 ఏళ్లు.

కొట్లాట గురించి టెన్షన్ అక్కర్లేదు. రక్తం కనిపించదు. దెబ్బ తగిలేకొద్దీ కింద పర్సంటేజీ పెరుగుతుంది, అది పెరిగేకొద్దీ ఎక్కువ దూరం ఎగిరిపడతారు, స్టేజీ అవతలికి పోతే ఔట్. మా చిన్నది పికాచుతో వాళ్లన్నని నూట ఇరవై దాటించి ఒక్క తోపు తోసిందంటే కింది వాటావాళ్లకి కూడా తెలిసిపోతుంది. స్విచ్‌కి అటూ ఇటూ ఉండే జాయ్‌కాన్‌లు (చిన్న కంట్రోలర్లు) రెండూ విడదీసి అడ్డంగా పట్టుకుంటే ఇద్దరికి సరిపోతాయి.

మొదట ఆడుకోవడానికి 8 పాత్రలే ఉంటాయి. ఆడేకొద్దీ మిగతావాళ్లు సవాలు విసురుతూ వస్తారు. అలా ఒకరోజు బయోనెటా దిగింది. మంత్రగత్తె. ఒంటికి అతుక్కున్న నల్ల బట్టలు, వయ్యారపు నడక, జుట్టులోంచి పుట్టుకొచ్చే పెద్ద పిడికిళ్లు. జాబితాలోంచి ఆమెను తీసేసే వీల్లేదు. "ఈవిడ మనకొద్దు నాన్నా" అన్నాను. మా పెద్దాడికి జెల్డా ఆటల హీరో లింక్ కత్తి ఉంటే చాలు, ఆమెను పట్టించుకోలేదు. గానన్‌డార్ఫ్, డ్రాక్యులా చెడ్డవాళ్లుగానే కనిపిస్తారు, వాళ్లతో గొడవే లేదు.

నేను ఆపించింది 'వరల్డ్ ఆఫ్ లైట్' అనే కథ భాగం. గలీమ్ అనే రెక్కల వెలుగు గోళం అందరినీ మాయం చేస్తుంది, కిర్బీ ఒక్కడే తప్పించుకుంటాడు. తర్వాత ధార్కాన్ అనే చీకటి దిగుతుంది. వెలుగును మాత్రమే ఓడిస్తే చీకటి లోకాన్ని కమ్మేస్తుంది, చీకటిని మాత్రమే ఓడిస్తే వెలుగు అన్నిటినీ తుడిచేస్తుంది. రెండింటినీ కూలిస్తేనే అసలు ముగింపు. వెలుగు చీకటిలో ప్రకాశిస్తోందని చెప్పే యోహాను సువార్త మొదటి అధ్యాయం సండే స్కూల్లో కంఠతా పడుతున్న పిల్లకి, వెలుగునీ చీకటినీ ఒకే తక్కెడలో తూచే కథ ఇది! బయోనెటాని చూసి పిల్లలు నవ్వి వదిలేస్తారు, కథ అలా వదలదు. పదమూడేళ్ల పెద్దాడైతే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు, మాట్లాడాను కూడా. పదేళ్ల దానికి ఇప్పుడే వద్దన్నాను. యూరప్ వాళ్ల 12 మామూలు ఆటకి ఎక్కువే గానీ ఈ భాగానికి సరిగ్గా సరిపోయింది.

ఆన్‌లైన్ ఆటకి వేరే చందా కట్టాలి. మేం కట్టలేదు, ఇంట్లో ఆటకి లోటేమీ రాలేదు. ఒకేసారి 8 మంది దాకా ఆడొచ్చు కాబట్టి, సెలవుల్లో ఉప్పల్ నుంచి మేనత్త పిల్లలు వస్తే కంట్రోలర్లు మాత్రం వెంట తెచ్చుకోమని ముందే చెప్తాను.