పదకొండేళ్లు నడిపాక మా టీఈజీ రీజనరేషన్ యూనిట్ గురించి

పదకొండేళ్లుగా సహజ వాయువుని ఆరబెట్టే ఒకే గ్లైకాల్ యూనిట్ నడుపుతున్నాను. ట్రైఇథిలీన్ గ్లైకాల్ (టీఈజీ) వాడే మామూలు రకమే. గ్యాస్‌లోని తేమని కాంటాక్టర్ అనే టవర్‌లో గ్లైకాల్ పీల్చుకుంటుంది, ఆ తడి గ్లైకాల్ ఫ్లాష్ డ్రమ్ (కరిగిన గ్యాస్ విడిపోయే ట్యాంకు), ఫిల్టర్లు, ఎక్స్‌ఛేంజర్ (వేడి ఆరిన గ్లైకాల్ ఈ తడి గ్లైకాల్‌ని వేడిచేసే చోటు) దాటి స్టిల్ కాలమ్ (ఆవిరి పైకి పోయే నిలువు గొట్టం) గుండా రీబాయిలర్‌లోకి, అంటే గ్లైకాల్‌ని మరిగించే పాత్రలోకి దిగుతుంది, నీళ్లు ఆవిరై వెంట్ నుంచి పోతాయి, ఆరిన గ్లైకాల్ సర్జ్ డ్రమ్ (అది నిలవుండే ట్యాంకు) నుంచి ఎక్స్‌ఛేంజర్ దాటి పంపు దాకా వచ్చి మళ్లీ కాంటాక్టర్‌కి వెళ్తుంది. మాది నేరుగా మంటతో వేడయ్యే ఫైర్ ట్యూబ్ ఉన్నది, కొంచెం స్ట్రిప్పింగ్ గ్యాస్ (మిగిలిన నీటిని లాగేయడానికి వేడి గ్లైకాల్ గుండా పంపే గ్యాస్) కూడా ఇస్తాం. ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం ఇదీ: యూనిట్ గట్టిది, నమ్మొచ్చు, కానీ తేడా వచ్చినప్పుడు అందరూ ముందు చూసే రీబాయిలర్ టెంపరేచర్ ఒక్కటి పట్టుకుంటే అసలు కారణం ఎప్పటికీ దొరకదు.

గ్యాస్ డ్యూ పాయింట్ (తేమ నీరుగా మారే టెంపరేచర్, ఎంత ఎక్కువుంటే గ్యాస్ అంత తడి) పెరిగిందంటే చాలు, చెయ్యి టెంపరేచర్ సెట్‌పాయింట్ మీదకి పోతుంది. మొదటి ఏడాది మేమూ అదే చేశాం. టీఈజీ దాదాపు 206 డిగ్రీల దగ్గర విడిపోవడం మొదలుపెడుతుంది, అందుకే రీబాయిలర్‌ని 204 దాటనివ్వరు. మామూలు వాతావరణ పీడనం దగ్గర 204కి వచ్చే గ్లైకాల్ గాఢత 98.6 శాతం చుట్టుపక్కలే, అంతకన్నా కావాలంటే స్ట్రిప్పింగ్ గ్యాస్ ఇవ్వాల్సిందే, మంట పెంచితే రాదు. మేం కొన్ని వారాలపాటు 207, 208 దగ్గర నడిపాం. డ్యూ పాయింట్ పెద్దగా దిగలేదు, గ్లైకాల్ మాత్రం టీ డికాక్షన్ రంగుకి మారి కాలిన పంచదార వాసన కొట్టింది, పీహెచ్ 6 కిందకి పడింది. గ్లైకాల్ విడిపోతే ఆమ్లాలు పుడతాయి, ఆ ఆమ్లాలు పైపుల్ని తింటాయి, ఆ తుప్పు ఫిల్టర్లలో నల్లగా కనిపిస్తుంది. సరిచేద్దామని ఎమైన్ (ఆమ్లాన్ని తగ్గించే రసాయనం) కాస్త ఎక్కువ పోశాం, దాంతో కరిగి ఉన్న మురికంతా ఒక్కసారి బురదలా విడిపోయి నురగ మొదలైంది. ఇప్పుడైతే పీహెచ్ 7 నుంచి 8.5 మధ్య ఉండేలా చూస్తాం, ఎమైన్ కొద్దికొద్దిగా రోజుల తరబడి కలుపుతాం. కొలిచేటప్పుడు సగం గ్లైకాల్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలవాలి, నేరుగా గ్లైకాల్‌లో మీటర్ ముంచితే వచ్చే అంకెని నమ్మకండి.

నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం ఎక్స్‌ఛేంజర్. ఆరో ఏడాది అనుకుంటాను, రెండు నెలలపాటు గ్యాస్ ఆరడం లేదు. టెంపరేచర్ బాగుంది, స్టిల్ పైభాగం బాగుంది, స్ట్రిప్పింగ్ గ్యాస్ పెంచాం, గ్లైకాల్ సర్క్యులేషన్ పెంచాం, ఏదీ పనిచేయలేదు. సర్క్యులేషన్ పెంచడం ఇంకా తప్పు, ఎందుకంటే తీయాల్సిన కిలో నీటికి 25 లీటర్ల గ్లైకాల్ దగ్గర సాఫీగా నడిచేదాన్ని 40కి తీసుకెళ్తే రీబాయిలర్ మీద భారం పెరిగి దాని టెంపరేచరే పడిపోతుంది. చివరికి ఒక సీనియర్ అన్న వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "శాంపిల్ ఎక్కడ తీస్తున్నారు?" అని. మేం ఎప్పుడూ పంపు డిశ్చార్జ్ దగ్గరే తీసేవాళ్లం, అక్కడ వాల్వ్ చేతికందేట్టు ఉంటుంది కాబట్టి. ఆయన చెప్పినట్టు ఒకే గంటలో సర్జ్ డ్రమ్ దగ్గర ఒకటి, ఎక్స్‌ఛేంజర్ తర్వాత ఒకటి, పంపు తర్వాత ఒకటి తీసి నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్షకి పంపాం. సర్జ్ డ్రమ్‌లో 99.4 శాతం ఉంది, ఎక్స్‌ఛేంజర్ దాటాక 98.3. అంటే రీబాయిలర్ తన పని తాను చక్కగా చేస్తోంది, దారిలో తడి గ్లైకాల్ వచ్చి కలుస్తోంది. తడి గ్లైకాల్ వైపు ఫ్లాష్ డ్రమ్ నుంచి వచ్చే మూడు నాలుగు బార్ పీడనం ఉంటుంది, ఆరిన గ్లైకాల్ సర్జ్ డ్రమ్ నుంచి దాదాపు పీడనం లేకుండా దిగుతుంది, కాబట్టి ట్యూబ్‌లో చిన్న పగులు ఉన్నా లీకు ఆరిన గ్లైకాల్ వైపుకే. ఎక్స్‌ఛేంజర్ విప్పి ప్రెజర్ టెస్ట్ చేస్తే రెండు ట్యూబులు కారుతున్నాయి. వాటికి ప్లగ్ కొట్టాక రెండో రోజుకే గ్యాస్ స్పెక్‌లోకి వచ్చింది. రెండు నెలలు వృథాగా తగలబెట్టిన ఫ్యూయెల్ గ్యాస్ తలుచుకుంటే ఇప్పటికీ బాధే. గ్యాస్ పీడనంతో నడిచే పంపులు వాడేవాళ్లు మూడో శాంపిల్ అసలు వదలకూడదు, వాటి సీల్స్ అరిగితే ఇదే కలుషితం పంపు లోపలే జరుగుతుంది.

సర్జ్ డ్రమ్ దగ్గరే గాఢత తక్కువ ఉంటే అప్పుడు తప్పు రీజనరేటర్‌ది. అక్కడ కూడా మంట కన్నా ముందు థర్మామీటర్ని అనుమానించండి. మా కంట్రోలర్ 204 చూపిస్తుంటే విడిగా పెట్టి చూసిన గేజ్ 197 చూపించింది. అంటే గ్లైకాల్ నిజంగా 204కి చేరనే లేదు.

తర్వాత వెంట్ లైన్. ఇది చాలామంది పట్టించుకోరు. మా వెంట్ పైపు చాలా పొడుగు, మధ్యలో ఒక సపోర్ట్ కుంగి చిన్న పల్లం ఏర్పడింది, చలి రోజుల్లో ఆవిరి అక్కడ నీరై నిలిచిపోయేది. ఆ నీటిని తోసుకుని ఆవిరి బయటికి పోవాలంటే స్టిల్‌లో పీడనం పెరగాలి. అదే 204 డిగ్రీలు, పీడనం కొంచెం పెరిగింది, గాఢత పడిపోయింది. వెంట్ దగ్గర గుటగుట శబ్దం, ఉండుండి నీళ్లు ఎగజిమ్మడం చూసి అనుమానం వచ్చింది. పైపుకి బయటివైపు వాలు పెట్టించి, కింద డ్రెయిన్ పెట్టాం, ఆ తర్వాత ఏ చలికాలం ఇబ్బంది పెట్టలేదు. ఆ వెంట్ దగ్గర నిలబడి వాసన చూడకండి, అందులో బెంజీన్, టొలుయీన్ లాంటివి ఉంటాయి.

స్టిల్ పైభాగం టెంపరేచర్ 100 చుట్టూ ఉంటే నిశ్చింత, స్ట్రిప్పింగ్ గ్యాస్ ఇస్తుంటే ఇంకొంచెం తక్కువే ఉంటుంది. దానికి బాగా పైకి పోయిందంటే గ్లైకాల్ వెంట్ నుంచి పోతోందని అర్థం. మరీ చల్లబడితే నీళ్లు బయటికి పోకుండా మళ్లీ కిందకే కారుతూ కాలమ్ నిండిపోతుంది, అప్పుడు రిఫ్లక్స్ కాయిల్ (స్టిల్ పైభాగాన్ని చల్లబరిచే, తడి గ్లైకాల్ పారే గొట్టం) బైపాస్ కాస్త తెరవాలి. తెరిచినా పైభాగం చల్లగానే ఉంటే కాయిల్ పగిలి తడి గ్లైకాల్ పైనుంచి ప్యాకింగ్ మీద పడుతోందేమో చూడాలి. మాకు అలా ఒక్కసారే జరిగింది.

ఇక ఉప్పు గురించి చెప్పాలి, ఇది నాకు మనసులో మిగిలిపోయిన విషయం. ఇన్లెట్ సెపరేటర్‌లో మిస్ట్ ప్యాడ్ (గ్యాస్‌లోని తుంపర్లని పట్టే జాలి) చిరిగిపోయినా కొన్ని నెలలు ఎవరూ గమనించలేదు, గ్యాస్‌తో పాటు ఉప్పునీళ్లు నేరుగా కాంటాక్టర్‌లోకి వచ్చేశాయి. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు పోదు. పైగా గ్లైకాల్ వేడెక్కేకొద్దీ ఉప్పుని కరిగించుకునే శక్తి తగ్గుతుంది, అందుకే అది అన్నిటికన్నా వేడిగా ఉండే చోట, అంటే ఫైర్ ట్యూబ్ మీదే గట్టిపడుతుంది. షట్‌డౌన్‌లో ట్యూబ్ బయటికి లాగితే మంట తగిలే చివర తెల్లటి, బూడిదరంగు పెంకు, దాని కింద ఇనుము వంకర పోయింది. పెంకు ఉన్న చోట వేడి గ్లైకాల్‌కి చేరదు, ట్యూబ్ లోపలే ఉండిపోయి అక్కడే ఇనుము మెత్తబడుతుంది. ఇంకొన్ని వారాలు నడిచి ఉంటే చిల్లు పడి, మంట ఉన్న ట్యూబ్‌లోకి గ్లైకాల్ దిగేది. ఆ రోజు అందరం మాట్లాడకుండా నిలబడిపోయాం. అప్పటినుంచి నెలకోసారి గ్లైకాల్‌లో క్లోరైడ్ చూస్తున్నాం, సెపరేటర్ డ్రెయిన్ లెవెల్ ప్రతి షిఫ్ట్‌లో స్వయంగా వెళ్లి చూస్తాం.

ఫిల్టర్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్, దాని తర్వాత యాక్టివేటెడ్ కార్బన్. వరుస తారుమారైతే కార్బన్ రెండు వారాల్లో మురికితో మూసుకుపోతుంది. పీడన తేడా ఒక బార్ దాటితే మార్చేయండి, ఇంకొన్ని రోజులు లాగుదాం అనుకోవద్దు. కార్బన్ అరిగిపోతే హైడ్రోకార్బన్లు గ్లైకాల్‌లో పేరుకుని కాంటాక్టర్‌లో నురగ వస్తుంది, నురగతో పాటు గ్లైకాల్ గ్యాస్ లైన్‌లోకి కొట్టుకుపోతుంది. కాంటాక్టర్‌కి వెళ్లే గ్లైకాల్ గ్యాస్ కన్నా 5 నుంచి 8 డిగ్రీలు వేడిగా ఉండాలి, అంతకన్నా చల్లగా ఉంటే హైడ్రోకార్బన్లు ద్రవంగా మారి అదే నురగ తెస్తాయి. పది లక్షల ఘనమీటర్ల గ్యాస్‌కి పదమూడు లీటర్ల దాకా గ్లైకాల్ పోవడం మామూలే, దానికి రెట్టింపు పోతోందంటే ఎక్కడో కారుతోందని వెతకడం మొదలుపెట్టండి.

మళ్లీ ఇదే రకం తీసుకుంటారా అని ఎవరైనా అడిగితే తప్పకుండా తీసుకుంటాను. కాకపోతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే సర్జ్ డ్రమ్, ఎక్స్‌ఛేంజర్, పంపు దగ్గర మూడు శాంపిల్ పాయింట్లు, చేతికి అందే ఎత్తులో, కూలర్‌తో సహా పెట్టించుకుంటాను. మాకు సర్జ్ డ్రమ్ దగ్గర కూలర్ లేదు, రెండొందల డిగ్రీల గ్లైకాల్‌ని సీసాలోకి పట్టడం అంటే ప్రతిసారీ టెన్షనే, అందుకే జనం అక్కడ శాంపిల్ తీయడం మానేస్తారు. రెండు నెలలు మాకు ఎక్స్‌ఛేంజర్ లీకు దొరకకపోవడానికి అసలు కారణం అదే. వచ్చే షట్‌డౌన్‌లో ఆ కూలర్ పెట్టడానికి అనుమతి వచ్చింది, డ్రాయింగ్ నేనే గీసి ఇచ్చాను.