స్టడీలోంచి పంపించేస్తూ "నా ఇష్టంతో వెళ్తున్నా" అనే కాగితం ముందు పెడితే సంతకం చేయకండి

బీఈ స్టడీలకు (ఒక కంపెనీ మాత్ర అసలు మాత్రలాగే రక్తంలో చేరుతుందా అని డబ్బిచ్చి ఆరోగ్యవంతుల మీద చేసే పరీక్షలకు) వెళ్లే అన్నదమ్ములూ, తర్వాతి చెకిన్‌కి, అంటే ల్యాబ్‌లో చేరడానికి, వెళ్లే ముందు ఇది చదవండి. ల్యాబ్ పేరు రాయడం లేదు. అమీర్‌పేట, కూకట్‌పల్లి హాస్టళ్ల చుట్టూ తిరిగే ఏజెంట్లు ఎలా తీసుకెళ్తారో, లోపల ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండు పీరియడ్ల స్టడీ, అంటే రెండు విడతలుగా మందు ఇచ్చేది. మొదటిది సాఫీగానే అయిపోయింది. వాష్‌అవుట్ (మొదటి మందు ఒంట్లోంచి పోవడానికి ఇచ్చే విరామం) తర్వాత రెండో పీరియడ్‌లో, పొద్దున డోసింగ్ అయిన (మందు ఇచ్చిన) గంటలోపే మా వీధి కుర్రాడికి రెండుసార్లు వాంతి అయింది. బీపీ పడిపోయింది. సెలైన్ ఎక్కించారు, ఇంజెక్షన్ ఇచ్చారు. అంతవరకు డాక్టర్ తన పని తాను చేశాడు, కాదనను. సాయంత్రం చేతి నరానికి పెట్టిన క్యాన్యులా గొట్టం తీసేసి, దూది పెట్టి ప్లాస్టర్ అంటించి, బట్టలు మార్చుకుని వెళ్లిపొమ్మన్నారు.

అన్యాయం జరిగింది బయటికొచ్చే కౌంటర్ దగ్గర. ఇంగ్లీషులో టైపు చేసిన ఒక పేజీ ముందుకు తోశారు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. తారీఖు ముందే వేసేశారు. కారణం అన్న గడిలో "పర్సనల్ రీజన్స్" అని వాళ్లే నింపేశారు. అంటే సొంత పనులుండి తన ఇష్టంతోనే తప్పుకుంటున్నట్టు. "నేనెప్పుడు వెళ్లిపోతానన్నాను సార్, వాంతయిందని మీరే కదా పంపిస్తున్నారు" అని వాడు అడిగితే కౌంటర్‌లో మనిషి తలెత్తి చూడలేదు. "సంతకం పెట్టకపోతే పేమెంట్ పడదు. పక్కకు జరుగు, వెనక మనుషులున్నారు" అన్నాడు. పోనీ కాపీ ఇవ్వండి అంటే, "నీకెందుకయ్యా కాపీ? చదివి ఏం చేస్తావ్?" అన్నాడు. పొద్దుట్నుంచి ఆ చేతిలోంచే రక్తం తీసుకున్నారు, వాడింకా సరిగ్గా నిలబడలేకపోతున్నాడు, అలాంటి మనిషితో అనే మాటేనా అది? నీరసంలో వాడు సంతకం పెట్టేశాడు. ఖాతాలో పడింది చెప్పినదాంట్లో సగం కూడా లేదు.

అసలు ఎందుకు తీసేశారో తెలిస్తే ఆ కాగితం ఎంత అబద్ధమో అర్థమవుతుంది. మాత్ర వేసుకున్నాక రక్తంలో మందు గరిష్ఠ స్థాయికి చేరడానికి పట్టే సమయాన్ని టీమ్యాక్స్ అంటారు. మామూలు మాత్రల స్టడీల్లో, దానికి రెండింతల సమయం లోపు వాంతి అయితే ఆ మనిషి రీడింగులను సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. మందు ఎంత బయటికి పోయిందో తెలియదు కాబట్టి. టీమ్యాక్స్ రెండు గంటలైతే, నాలుగు గంటల లోపు వాంతి చేసుకున్నవాళ్ల డేటా పనికిరాదన్నమాట. అక్కడితో ఆ వాలంటీర్‌ని తీసేస్తారు. తీసేయడం తప్పు కాదు, ప్రోటోకాల్‌లో (స్టడీ ఎలా చేయాలో ముందే రాసుకున్న పద్ధతిలో) ఉన్నదే. కానీ తీసేసింది వాళ్లు, కారణం వైద్యపరమైనది. దాన్ని కుర్రాడి సొంత ఇష్టంగా మార్చి రాయించుకోవడం పచ్చి మోసం.

డబ్బు లెక్క కూడా ఆ గడి దగ్గరే తారుమారవుతుంది. స్టడీకి సంబంధించిన వైద్య కారణాలతో తప్పుకున్నవాళ్లకు పూర్తిగా పాల్గొన్నట్టే ఇవ్వాలని, వేరే కారణాలైతే పాల్గొన్న మేరకు ఇవ్వాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2006 మార్గదర్శకాల్లోనే ఉంది.

డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల ఆరోగ్యం దెబ్బతింటే ఉచితంగా వైద్యం చేయించాలి. అవసరమైనంత కాలం, లేదా ట్రయల్‌తో సంబంధం లేదని తేలేదాకా. ఆస్పత్రిలో చేరాల్సి వస్తే 24 గంటల్లో పైకి రిపోర్టు చేయాలి. ఇంటికెళ్లిన రెండోరోజు కళ్లు పచ్చబడితే? "సొంత పని మీద వెళ్లిపోయాడు" అని మీ సంతకంతోనే ఉన్న కాగితం అప్పుడు మీ మీదే పనిచేస్తుంది.

ప్రాణం పోతే ఇచ్చే పరిహారానికీ ఆ నియమాల్లో లెక్క ఉంది: 8 లక్షలను వయసు ఫ్యాక్టర్‌తో, రిస్క్ ఫ్యాక్టర్‌తో గుణించి 99.37తో భాగిస్తారు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్‌కి రిస్క్ ఫ్యాక్టర్ 4, ఆరు నెలలకు మించి బతకడని అంచనా ఉన్న రోగికి 0.5. మీరు ఆరోగ్యంగానే లోపలికి వెళ్లారని చెప్పేది స్క్రీనింగ్ రిపోర్టులే. వాటి కాపీలు అడగండి. ఏజెంట్ మాట విని పాత స్టడీ దాచిపెట్టి, రెండు స్టడీల మధ్య ఉండాల్సిన గ్యాప్ పూర్తికాకుండా ఇంకోదాంట్లో చేరడం మాత్రం అస్సలు వద్దు. ఒంట్లో రెండు మందులుంటే ఏది ఏం చేసిందో డాక్టర్‌కి అంతుబట్టదు, హిమోగ్లోబిన్ కోలుకోదు, రేపు పరిహారం అడిగితే ఆ అబద్ధాన్నే చూపిస్తారు.

సమ్మతి పత్రంలో నామినీ పేరు, మీ వృత్తి, సంవత్సరాదాయం రాసే చోట్లు ఉంటాయి. వాటిని ఖాళీగా వదిలేసి సంతకం ఒక్కటే తీసుకుంటున్నారు. నింపిన సమ్మతి పత్రం, స్టడీ వివరాలుండే సమాచార పత్రం రెండింటి కాపీలూ వాలంటీర్‌కి ఇవ్వాలని నియమాల్లోనే ఉంది. వాళ్లేమీ దయతలచి ఇచ్చేది కాదు. ఖమ్మం జిల్లాలో 2009లో మొదలైన హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో 2,763 సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో ఉంది. అంత జరిగాక కూడా సంతకమంటే ఇంత చులకనా?

పంపించేస్తున్నామని చెప్పగానే ముందు లాకర్లోంచి ఫోన్ తీసుకోండి, తర్వాతే కౌంటర్‌కి వెళ్లండి. కాగితాన్ని ఫోటో తీయండి. సంతకం తప్పదంటే కారణం కొట్టేసి, "ఇన్ని గంటలకు వాంతి అయింది, డాక్టర్ తీసేశారు" అని తెలుగులోనే మీ చేత్తో రాసి పెట్టండి. చివరి రక్తపరీక్ష రిపోర్టు అడగండి. వినకపోతే సమాచార పత్రంలో ఉన్న ఎథిక్స్ కమిటీ (వాలంటీర్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) నంబర్‌కి ఫోన్ చేసి, రాతపూర్వకంగా కూడా పంపండి. హైదరాబాద్‌లో సీడీఎస్‌సీఓ (మందులను నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) జోనల్ ఆఫీస్ కూడా ఉంది.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు కూడా వదిలేయకండి. డోసింగ్ టైము, వాంతి టైము, బీపీ రీడింగులు, ఇచ్చిన ఇంజెక్షన్ అన్నీ ల్యాబ్ రికార్డుల్లో గంట, నిమిషాలతో సహా రాసి ఉండాల్సినవే. వాటిని ఆ కాగితం పక్కన పెట్టి చూడమని ఎథిక్స్ కమిటీకి రాయండి.