బరంపురం పిండివంటల కొట్టు: సంక్రాంతి వారంలో మారథాన్ ఉన్నవాళ్ళ కోసం రివ్యూ

ముంబై మారథాన్ ఇప్పుడు ఏటా జనవరి మూడో ఆదివారం పెడుతున్నారు. అంటే చాలా ఏళ్ళు భోగి, సంక్రాంతి, కనుమ అయ్యాక వారం కూడా తిరక్కుండానే 42.195 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఆ తేదీ ఖాయం చేసినవాళ్ళ ఇళ్ళలో అరిసెలు వండరేమో గానీ, ఒడిశాలోని మా బరంపురంలో తెలుగింటి కోడలికి మాత్రం అంతకంటే గడ్డు వారం ఇంకోటి ఉండదు. ఈ రివ్యూ అలాంటివాళ్ళ కోసమే. పరుగు మానలేరు, పండగ మానలేరు, వండే టైము అసలే లేదు.

కొట్టు గిరి రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక సందులో ఉంది. బోర్డు లేదు. ఇంటి వరండాలోనే రెండు పొయ్యిలు, ఒక బల్ల, గోడకి అంటించిన క్యూఆర్ కోడ్. నడిపేది ఒక మామ్మగారు, ఆవిడ కోడలు, పండగ రోజుల్లో సాయానికి వచ్చే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. పేరు రాయొద్దన్నారు. "ఉన్నవాళ్ళకే చేసివ్వలేకపోతున్నాం, ఇంకా నలుగురికీ చాటడం ఎందుకమ్మా" అన్నారు. ఆ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళని అడిగినా దారి చెప్తారు. ఒడియావాళ్ళు కూడా బాగానే వస్తారు, పండగ ముందు ఆ వరండాలో రెండు భాషల్లోనూ ఒకేసారి బేరాలు వినిపిస్తాయి.

కొట్టు గురించి చెప్పేముందు ఇక్కడి సీజన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే చలిమిడికి ఇంత రివ్యూ ఏంటని మీకు అనిపిస్తుంది. మనకి తిండి సంక్రాంతితో మొదలవదు. మార్గశిర గురువారాలు వచ్చాయంటే పక్కింటి ఒడియా ఆంటీ గారింటి నుంచి మండా పిఠా, కాకరా పిఠా అనే ఒడియా పిండివంటల ప్లేట్లు మొదలు, ఖాళీ ప్లేటు తిరిగి ఇవ్వకూడదు కాబట్టి మన ఇంట్లోంచి కూడా ఏదో ఒకటి వెళ్ళాలి. తర్వాత కేకులు, ఆ తర్వాత జనవరి ఫస్టు పిక్నిక్, ఆ చుట్టుపక్కలే సాంబదశమి (ఒడియా తల్లులు పిల్లల కోసం సూర్యుడికి చేసే పూజ), అప్పుడు భోగి. మారథాన్ ట్రైనింగులో పెద్ద పరుగులన్నీ పడేది సరిగ్గా ఈ డిసెంబరులోనే. నేను గోపాల్‌పూర్ రోడ్డు మీద పరుగెత్తుతాను, సముద్రం దాకా వెళ్ళి తిరిగొస్తే 30 కిలోమీటర్లు దాటుతుంది, మంచు కురిసే తెల్లవారుజామున ఆ రోడ్డుని మించింది లేదు. కానీ డిసెంబరు ఆఖరి వారం నుంచి పిక్నిక్ బస్సులు, పికప్ వ్యాన్ల మీద కట్టిన డీజే బాక్సులు పొద్దున్నే బయల్దేరతాయి, జనవరి ఫస్టున అయితే ఆ రోడ్డు మీదకి వెళ్ళకండి, అది సలహా కాదు బతిమాలడం. ఆ రోజుల్లో కొందరు తారాతారిణి కొండకి వెళ్ళి 999 మెట్లు ఎక్కి దిగుతారు. ఎక్కడం మంచిదే. దిగేటప్పుడు తొడలు పట్టేస్తాయి, రేసుకి రెండు వారాల లోపల ఆ సరదా వద్దు.

చివరి రెండు మూడు వారాలు టేపర్, అంటే పరుగు దూరం తగ్గించుకుంటూ రావడం. దూరం తగ్గుతుంది గానీ ఆకలి తగ్గదు. సరిగ్గా అప్పుడే ఇల్లంతా చుట్టాలు, డబ్బాల నిండా పిండివంటలు. వద్దంటే ఒక్కటే ప్రశ్న: "ఏమ్మా, షుగరొచ్చిందా?" తింటే ఇంకో ప్రశ్న: "ఇంత తింటున్నావు, మరి పరుగెత్తి ఏం లాభం?" ఈ రెండింటికీ జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చి నేను లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. రేసుకి ముందు 36 నుంచి 48 గంటలు, రోజుకి ఒంటి బరువు కిలోకి 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం తినమని స్పోర్ట్స్ న్యూట్రిషన్ వాళ్ళు చెప్తారు. 55 కిలోల మనిషికి అది తక్కువలో తక్కువ 550 గ్రాములు. అంటే దాదాపు 700 గ్రాముల బియ్యం వండి ఒక్క రోజులో తినాలి. కూర్చుని అంత అన్నం తినగలరా ఎవరైనా? బియ్యం, బెల్లం దగ్గర దగ్గరగా నొక్కి పెట్టిన పదార్థాలే దారి, అవి చెయ్యడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. కాకపోతే ఏది ఎప్పుడు తినాలో చూసుకోవాలి. కొవ్వు ఎక్కువైతే కడుపులోంచి తొందరగా దిగదు, అసలు కష్టమంతా అక్కడే.

అందుకే ఈ కొట్టు. మిగతా చోట్ల అరిసె చేత్తో పట్టుకుంటే వేళ్ళు నూనె. ఇక్కడ మూకుడులోంచి తీసిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి మామ్మగారి కోడలు ఒంటి బరువంతా వేసి నొక్కుతుంది, నూనె చెక్క అంచు వెంట సన్నగా ధార కట్టి కింది గిన్నెలోకి పోతుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఈ అమ్మాయి అలాగే పట్టుకుని ఉంటుంది, ధార చుక్కలవ్వాలి, చుక్కలు ఆగాలి, అప్పుడే చెక్క ఎత్తుతుంది. వెనకాల ఎంతమంది నిలబడినా సరే. ఇంటికి తెచ్చి కాగితం మీద పెట్టి చూశాను, మచ్చ పడింది గానీ కాగితం తడవలేదు. వేయించినది వేయించినదే, నూనె లేదని అనను. కానీ పొద్దున్న పరుగు అయ్యాక ఒకటి తింటే మధ్యాహ్నం దాకా బరువుగా అనిపించదు. నువ్వులు అద్దినవి, అద్దనివి రెండూ ఉంటాయి, పాకం ముదరదు, మూడో రోజుకి కూడా కొరికితే విరుగుతుంది గానీ పళ్ళు పట్టుకోదు.

అసలు సరుకు అరిసె కాదు, దాని వెనకున్న చలిమిడి. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, యాలకులు, ఒక చెంచా నెయ్యి. నూనెలో పడకముందు దానిలో కొవ్వు అంతంతమాత్రం, మెత్తగా ఉంటుంది, పెద్దగా నమలక్కర్లేదు. పరుగు మధ్యలో తినడానికి బజారులో దొరికే ఎనర్జీ జెల్ వంద రూపాయలకి అటూ ఇటూ ఉంటుంది, దానిలోనూ ఉండేది చక్కెరలే. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్, అది కడుపులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, రెండూ వేరువేరు దారుల్లో రక్తంలోకి వెళ్తాయి కాబట్టి ఒక్క గ్లూకోజ్ మీదే ఆధారపడటం కంటే నయం. పరుగులో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలంటారు. ఉసిరికాయంత చలిమిడి ఉండ 30 గ్రాములు తూగింది, అందులో సుమారు 20 గ్రాములు పిండిపదార్థం ఉంటుందని నా లెక్క. అరగంటకొకటి, వెంటనే నాలుగు గుక్కల నీళ్ళు. నీళ్ళు తాగకపోతే మాత్రం గుండెల దగ్గర పట్టేస్తుంది, అక్కడ మొహమాటం వద్దు.

మామ్మగారిని అరిసెలకి కలిపిన పిండిలోంచి అరకిలో వేయించకుండా తీసిపెట్టండి అని అడిగితే ఆవిడ గరిట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసి "ఏమ్మా, విశేషమా?" అన్నారు. కాదండీ, పరుగుపందెం అంటే వరండా అంతా నవ్వు. పక్కనున్న ఒకావిడ "కడుపుతో ఉన్నవాళ్ళకి పెట్టేది కదమ్మా, నీకూ చలవే చేస్తుందిలే" అని సర్దిచెప్పింది. అడిగినట్టే తీసిపెట్టారు, ఉండలు కూడా వాళ్ళే చేసి బటర్ పేపర్లో ఒక్కొక్కటీ చుట్టి ఇచ్చారు, దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. ఒక హెచ్చరిక: ఇది కొందరికి కడుపు బరువు చేస్తుంది, పాకం వేడికి ఉడికినంతే ఉడుకుతుంది కదా. డిసెంబరు పెద్ద పరుగుల్లో తిని చూసుకోండి, రేసు రోజు కొత్తగా మొదలుపెట్టకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మరమరాల ఉండలు బ్రహ్మాండం, కొవ్వు దాదాపు లేదు, రేసుకి ముందు రెండు రోజులు ఇవే నా ప్రాణం. చిమ్మిలి రుచిలో నంబర్ వన్, కానీ నువ్వుల్లో సగం దాకా నూనే కాబట్టి పరుగు ముందు కాదు, డిసెంబరులో ఆదివారం మధ్యాహ్నాలకి. సున్నుండలు మినుములు, నెయ్యి, రేసు అయ్యాక తినండి, అప్పుడు ఎన్నైనా తినండి. జంతికలు ఉప్పు సరిపోయింది, వాము కాస్త ఎక్కువ. గవ్వలు మామూలుగా ఉన్నాయి. ఆవకాయ కూడా అమ్ముతారు, బరంపురం పచ్చళ్ళ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, కానీ రేసు వారంలో ఆ జాడీ మూత తియ్యొద్దు.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. "కొన్న అరిసెలా?" అని అత్తయ్యగారు మొదటిరోజు ముట్టుకోలేదు. మా తోడికోడలు ఒకటి విరిచి నోట్లో పెట్టేదాకా ఆ డబ్బా పూజగది గుమ్మం దాటలేదు. తర్వాత అత్తయ్యగారే "పాకం బాగా పట్టారు" అన్నారు, మా ఇంట్లో దానికంటే పెద్ద రేటింగ్ లేదు. అసలు గొడవ కనుమ నాడు. బిబ్, అంటే రేసులో ఒంటికి తగిలించుకునే నంబరు, తీసుకోవడానికి ముందే ముంబై చేరి బీకేసీలో (బాంద్రా కుర్లా కాంప్లెక్స్) ఎక్స్‌పోకి వెళ్ళాలి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ సాయంత్రం ఎక్కితే రెండు రాత్రులు గడిచాక ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో దింపుతుంది, కాబట్టి కనుమ నాడే బయల్దేరాలి. "కనుమ నాడు కాకి కూడా కదలదు, నువ్వు బొంబాయి వెళ్తానంటావేంటమ్మాయ్" అని ఆవిడ. మినుము కొరకాలి కాబట్టి రెండు గారెలు తిని కదిలాను, కోడికూర మాత్రం వద్దన్నాను. బ్యాగులో మరమరాల ఉండలు, అరటిపళ్ళు, చలిమిడి, అంతే. విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్, సోలాపూర్, పుణె అని ఆ బండి మెల్లగా వెళ్తుంటే తినడం తప్ప చేసేదేం లేదు, కార్బ్ లోడింగుకి, అంటే ఇందాక చెప్పిన పిండిపదార్థం లెక్కకి, అంతకంటే మంచి చోటు ఉండదనుకుంటా. బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది, టెన్షన్ పడకండి. కండరాల్లో గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం) గ్రాము చేరితే దానితో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు చేరతాయి, రేసులో అవే అక్కరకొస్తాయి.

చలిమిడి రేసులో ఎలా పనిచేసిందంటే, సముద్రం మీద వంతెన, సీ లింక్ మీద ఉన్నంతసేపూ బాగానే ఉంది. మన బరంపురం చలికి గట్టిగా ఉన్న ఉండ ముంబై ఉక్కకి మెత్తబడి కాగితానికి అంటుకుంది, పరుగెత్తుతూ నాకాల్సి వచ్చింది, ఫొటోల్లో అదే పడింది. తిరుగు దారిలో పెద్దర్ రోడ్ ఎక్కుడు దగ్గర చాలామంది నడుస్తున్నారు, ఎండ కూడా అప్పటికి బాగా ఎక్కింది. నేను నడవలేదు. చలిమిడి వల్లే అని చెప్పను, కానీ కడుపు మాత్రం ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు, జెల్స్‌తో నాకు ఆ మాట అనే అవకాశం ఎప్పుడూ రాలేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే, కొట్టు తీసే వేళకీ మూసే వేళకీ లెక్క లేదు, ఫోన్ మధ్యాహ్నం భోజనాలయ్యాకే ఎత్తుతారు. కిలో లెక్కనే ఇస్తారు, ఒంటరిగా ఉండే స్టూడెంట్లకి పావుకిలో అడిగితే మొహం మాడ్చుకుంటారు. తూకంలో డబ్బా బరువు తియ్యడం గుర్తుచెయ్యాలి, గుర్తుచేస్తే వెంటనే తీసేస్తారు, గొడవ లేదు. స్టీలు డబ్బా మీరే పట్టుకెళ్ళండి, వాళ్ళిచ్చే ప్లాస్టిక్ కవరులో అరిసెలు ఇంటికొచ్చేసరికి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఆర్డరు ధనుర్మాసం మొదలైన వారంలోనే ఇచ్చేయాలి, సగం డబ్బు అడ్వాన్సు. చలిమిడి కావాలంటే ఆర్డరు రాసేటప్పుడే చెప్పి చీటీలో రాయించుకోండి, పాకం పట్టే రోజు ఫోన్ చేసి చెప్తే ఎవరూ వినిపించుకోరు. భోగి నాడు ఊరికే వెళ్తే మిగిలేవి జంతికలే, అవీ ముక్కలు.