మిద్దెతోట జనానికి డిస్కోర్స్: ఏడేళ్లు వాడాక నా మాట

2016లో మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. అప్పట్లో ఒక గ్రూపులో 256 మందికే చోటు. రెండో గ్రూపు పెడితే మొదటి దాంట్లో అడిగిన ప్రశ్నలే అందులోనూ మొదలయ్యాయి, జవాబు చెప్పేవాళ్లు మాత్రం అదే నలుగురు. వెబ్ డెవలపర్ని కదా, ఊరుకోలేక "రెండు వారాలు టైమివ్వండి, మనకో చర్చావేదిక నేనే రాసేస్తాను" అనేశాను.

రాశాను కూడా. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్. లాగిన్, పోస్టు, జవాబు, ఫొటో. రెండు వారాలన్నది ఆరు వారాలైంది గానీ పనిచేసింది. మూడో నెలలో ఒక అర్ధరాత్రి ఏదో బాట్ వచ్చి టమాటా విభాగమంతా మందుల ప్రకటనలతో నింపేసింది. తుడిచాను. మర్నాడు మళ్లీ. ఆ తర్వాత వేపనూనె గొప్పదా, కొట్లో కొన్న మందు గొప్పదా అని ఇద్దరు పెద్దమనుషులు తగువు పడ్డారు. ఒకాయన మాట తీసేస్తే దాని కింద వచ్చిన జవాబులన్నీ తలా తోకా లేకుండా మిగిలాయి. తియ్యకపోతే రెండో ఆయన ఫోను. ఎవరు ఏది తీసెయ్యొచ్చు, తీసేసింది ఎవరికి కనపడాలి, నిన్న వచ్చిన మనిషికి ఎంత చనువివ్వాలి? నా కోడ్‌లో వీటన్నిటికీ ఉన్న జవాబు 'అడ్మిన్' అనే ఒక్క కాలమ్. రెండేళ్లు దానికి అతుకులు వేస్తూ కూర్చున్నాను. పోస్టులు దాచి చూపించడం ఏ డేటాబేసైనా చేస్తుంది, మనుషుల సంగతి చూసేదాన్నే నేను రాయలేదని ఒప్పుకునేసరికి 2018 వచ్చింది. ఆ దసరా సెలవుల్లో మొత్తం డిస్కోర్స్ అనే చర్చావేదిక సాఫ్ట్‌వేర్‌కి మార్చేశాను.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టినవాళ్లలో ఒకరైన జెఫ్ ఆట్‌వుడ్, రాబిన్ వార్డ్, శామ్ శాఫ్రన్‌లతో కలిసి 2013 ఫిబ్రవరిలో దీన్ని బయటపెట్టారు. 1.0 వెర్షన్ 2014 ఆగస్టులో వచ్చింది. వెనకాల రూబీ ఆన్ రైల్స్, ముందు ఎంబర్, డేటాకి పోస్ట్‌గ్రెస్, పక్కన రెడిస్. జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్సు, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. పైథాన్ భాష వాళ్ల చర్చలు నడిచేది దీనిమీదే. నేను రూబీ నేర్చుకున్నది దీని కోడ్ చదవడానికే. ఉద్యోగంలో ఇప్పటిదాకా దాని అవసరం పడలేదు.

దీన్ని ఎందుకు వదల్లేదో చెప్పమంటే ముందు ట్రస్ట్ లెవెల్స్ గురించే చెబుతాను. ప్రతి సభ్యుడికీ 0 నుంచి 4 వరకు ఒక మెట్టు ఉంటుంది. కొత్తగా చేరితే 0. కనీసం 5 చర్చలు తెరిచి, 30 పోస్టులు చదివి, 10 నిమిషాలు గడిపితే 1. రాయడం కాదండోయ్, చదవడం. రెండో మెట్టుకి 15 రోజులు రావాలి, 100 పోస్టులు చదవాలి, ఒక లైకు ఇవ్వాలి, ఒకటి పుచ్చుకోవాలి, ఇంకా కొన్ని ఉన్నాయి. మూడో మెట్టు వాళ్లు ఇతరుల చర్చల శీర్షికలు మార్చొచ్చు, విభాగం మార్చొచ్చు. కొత్తవాడి పోస్టు స్పామ్ అని వాళ్లలో ఒకరు నొక్కితే చాలు, అది అప్పటికప్పుడు మరుగున పడుతుంది. పెళ్లివారింట్లో మొదటిసారి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, తాళాలగుత్తి ఇవ్వరు. ఆ మర్యాద నా పీహెచ్‌పీకి తెలీదు. ఇది వచ్చాక స్పామ్ కోసం నేను రాత్రిపూట లేచిన సందర్భాలు ఒక చేతి వేళ్లకి సరిపోతాయి.

అలాగని దీని లెక్కలు యథాతథంగా మాకు సరిపడలేదు. కొత్త సభ్యుడు ఒక పోస్టులో ఒక్క ఫొటోనే పెట్టగలడు, డిఫాల్ట్ అది. మా దగ్గరికి కొత్తగా వచ్చే ప్రతి మనిషీ వచ్చేదే చచ్చిపోతున్న మొక్క ఫొటో పట్టుకుని. ఆకు పైభాగం చూపిస్తే సరిపోదు, కింద చూపించాలి, కాండం మొదలు చూపించాలి. "ఫొటో ఎక్కట్లేదు సార్" అని వారానికి నలుగురు నాకు ఫోన్ చేసేవాళ్లు. సెట్టింగుల్లో 1ని 4 చేశాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఇది వెతుక్కోవడానికి మూడు నెలలు పట్టిందంటే మీరు నవ్వుకోవచ్చు. సెట్టింగులు వందల్లో ఉన్నాయి మరి.

మూడో మెట్టుతో ఇంకో తంటా. అది శాశ్వతం కాదు. గడిచిన 100 రోజుల్లో సగం రోజులైనా వచ్చి ఉండాలి, లేకపోతే దింపేస్తుంది. మాకు ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారున్నారు. వచ్చిన ప్రశ్నల్లో సగానికి జవాబు ఆయనదే. మనవడు పుట్టాడని అమెరికా వెళ్లి, పసివాడి ధ్యాసలో పడి రెండున్నర నెలలు ఇటు చూడలేదు. తిరిగొచ్చేసరికి ఆయన్ని రెండో మెట్టు మీదికి దించేసింది. "ఏవయ్యా, పెన్షన్ ఆపినట్టు ఆపేశారేంటి?" అన్నారు. మొదట నవ్వుతూనే అన్నారు గానీ రెండోసారి నవ్వలేదు. నాలుగో మెట్టు చేత్తో ఇవ్వాల్సిందే, అది దానంతటది పోదు. ఆయనకది ఇచ్చాను. ఇచ్చినందుకు ఇప్పటికీ నాకు లాభమే, చివర్లో చెబుతాను.

ఇక తెలుగు. డిస్కోర్స్‌లో పోస్టుకి కనీసం 20 క్యారెక్టర్లు ఉండాలి. ఒక సభ్యురాలు ఎర్రనల్లి పట్టిన బెండ ఫొటో కింద "మా ఇంట్లోనూ ఇంతే" అని రాస్తే ఒప్పుకోలేదు. ఆవిడ నాకు స్క్రీన్‌షాట్ పంపారు. నేను కూర్చుని లెక్కపెట్టాను. కంటికి మా, ఇం, ట్లో, నూ, ఇం, తే అని ఆరే అక్షరాలు. కంప్యూటరు లెక్కలో 'ట్లో' ఒక్కటే నాలుగు: ట, పొల్లు, ల, ఓత్వం. అలా అన్నీ విడదీసి, మధ్యలో రెండు ఖాళీలు కలిపితే 16. నాలుగు తక్కువ. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే దానికి ఆరు. అంటే ఒక విధంగా తెలుగుకి ఇక్కడ ఉచితంగానే మార్కులు పడుతున్నాయి, అయినా చాలడం లేదు. ఎందుకంటే మన పలకరింపులు పొట్టివి. 'అలాగేనండి', 'సరే బాబూ', 'ధన్యవాదాలు'. ఆఖరిది పది. జనం దీనికి వాళ్ల ఉపాయం వాళ్లు కనిపెట్టుకున్నారు, వెనకాల చుక్కలు పెట్టడం. ఒక నెలపాటు మా దగ్గర ప్రతి ధన్యవాదం వెనకా చీమల బారు ఉండేది. 20ని 5కి దించాను. 'అలాగే' సరిగ్గా ఐదు.

లింకుల సంగతి ఇంకొంచెం చికాకు. నేను మొదట సైటు భాష ఇంగ్లీషులోనే వదిలేశాను, లింకు తయారయ్యే పద్ధతి ఆస్కీలో, అంటే ఇంగ్లీషు అక్షరాలతోనే, ఉంది. దానికి తెలుగు శీర్షిక కనపడదు, ప్రతి లింకులోనూ 'టాపిక్' అనే మాటే వచ్చేది, పక్కన అంకె. ఎన్‌కోడెడ్ అనే ఇంకో పద్ధతి ఉంది కదా అని మార్చాను. బ్రౌజర్లో ముచ్చటగా తెలుగే కనపడింది. అదే లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులతో బారెడు గొలుసు. తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకి మూడు గుర్తులు. 'ధన్యవాదాలు' అన్న మాట 90 గుర్తులవుతుంది. మా అమ్మ దాన్ని చూసి వైరస్ అనుకుని డిలీట్ చేసింది. మళ్లీ 'టాపిక్'కే వచ్చేశాను.

వెతకడం దగ్గర మాత్రం నాకు ఇప్పటికీ తృప్తి లేదు. డిస్కోర్స్ వెతుకులాట పోస్ట్‌గ్రెస్ మీద ఆధారపడింది. ఇంగ్లీషుకైతే పోస్ట్‌గ్రెస్ మాట మూలాన్ని పట్టుకుంటుంది. తమిళానికీ ఆ సదుపాయం వచ్చింది, తెలుగుకి లేదు. మాట మొదలు కలిస్తే చాలు కాబట్టి 'వంకాయ' అని కొడితే 'వంకాయలకి' దొరుకుతుంది. 'వేరు' అని కొడితే 'వేళ్లు' దొరకదు. 'పెరడు' అంటే 'పెరట్లో' రాదు. 'నీళ్లు', 'నీళ్ళు' దానికి రెండు వేరు మాటలు. వేరుకుళ్లు మీద మా దగ్గర పాతిక చర్చలుంటే కొత్తవాడికి మూడో నాలుగో కనపడతాయి, వాడు మళ్లీ అడుగుతాడు. దీనికి నేను చేసుకున్న మందు ట్యాగులు. ట్యాగులకి పర్యాయపదాలు పెట్టుకోవచ్చు. 'తెల్లదోమ' అసలు ట్యాగు, 'వైట్‌ఫ్లై', 'తెల్లపురుగు' దానికి పర్యాయాలు. ఏది కొట్టినా ఒక్కదానికే చేరుతుంది. చేత్తో చేసే పనే, కానీ కూర్చుని చేస్తే ఫలితం ఉంది.

బొత్తాల మీది మాటలు మీకు నచ్చినట్టు మార్చుకునే వీలు అడ్మిన్ పేజీలోనే ఉంది, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. ఆ ఉత్సాహంలో నేను, పోస్టు మీద అభ్యంతరం చెప్పే ఫ్లాగ్ బొత్తానికి 'కేతనం' అని పెట్టాను. ఒక పిన్నిగారు ఫోన్ చేసి "ఆగస్టు పదిహేనుకేనా బాబూ ఇది?" అన్నారు. ఆ సాయంత్రమే 'ఫిర్యాదు' అయింది. టాపిక్‌ని 'చర్చ' అన్నాను, లైకుని లైకుగానే వదిలేశాను. యూజర్‌నేమ్ తెలుగులో పెట్టుకునే సెట్టింగు కూడా ఉంది, ఆన్ చేశాను. అయితే తెలుగు కీబోర్డు లేనివాళ్లు ఆ మనిషిని పేరుపెట్టి పిలవలేకపోయారు. ఇప్పుడు యూజర్‌నేమ్ ఇంగ్లీషులో, పక్కన చూపించే పేరు తెలుగులో.

పాత ఫోన్లలో బరువు. ఇది పేజీ కాదు, ఫోన్లో నడిచే ఒక పెద్ద జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము. ఆండ్రాయిడ్ ఫోన్లలో జావాస్క్రిప్ట్ నెమ్మదితనం గురించి ఆట్‌వుడ్ 2015లోనే వాపోయారు. ఫోన్లు బాగుపడ్డాయి గానీ ఏడెనిమిది వేల రూపాయల ఫోన్లో మొదటిసారి తెరిస్తే ఇప్పటికీ గిర్రున తిరుగుతుంది. పేజీ నంబర్లు లేకపోవడం పెద్దవాళ్లకి అలవాటవడానికి ఏడాది పట్టింది.

ఎక్కించడం ఎంత కష్టం అని చాలామంది అడుగుతారు. లైనక్స్ కమాండ్లు నాలుగు తెలిస్తే అరగంట. అధికారికంగా ఒప్పుకునే దారి డాకర్ (ప్రోగ్రాముని దాని సరంజామాతో సహా ఒక డబ్బాలో కట్టి నడిపే పద్ధతి) ఒక్కటే. 1 జీబీ ర్యామ్ చాలంటారు, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) పెట్టుకుని. నేను 2 జీబీ తీసుకున్నాను, మీరూ అదే తీసుకోండి. అసలు గండం ఈమెయిల్. అది లేకపోతే ఖాతాలే తెరుచుకోవు. నేను సర్వరు తీసుకున్న కంపెనీ మెయిల్ బయటికి వెళ్లే 25వ పోర్టు మూసేసి ఉంచింది, ఆ సంగతి తెలియక ఒక రాత్రంతా పోయింది. మెయిల్ పంపే సేవ వేరుగా కొనుక్కుని, గూగుల్ లాగిన్ కూడా పెట్టాక ఊపిరాడింది. మా వాళ్లలో చాలామంది మెయిల్ తెరిచేది ఓటీపీ కోసమే.

అప్‌డేట్లకి వస్తే, రెండుసార్లు దెబ్బ తిన్నాను, రెండూ నా స్వయంకృతమే. పేజీ పైన 'ఈ రోజు: రోహిణి కార్తె' అని చూపించే చిన్న ముక్క ఒకటి రాసుకున్నాను. జనానికి భలే నచ్చింది. అది పాత విడ్జెట్ పద్ధతిలో రాసింది. ఆ పద్ధతి తీసేస్తున్నామని బ్రౌజర్ కన్సోల్‌లో నెలల తరబడి పసుపు రంగులో హెచ్చరిక వస్తూనే ఉంది. చూశాను, చేద్దాంలే అనుకున్నాను. ఒకరోజు అప్‌డేట్ అయ్యాక కార్తె లేదు, దానితోపాటు మెనూ కూడా లేదు. సేఫ్ మోడ్‌లో తెరిచి దాన్ని తీసేసి, కొత్త పద్ధతిలో మళ్లీ రాశాను.

రెండోది పోస్ట్‌గ్రెస్ 13 నుంచి 15కి మారినప్పుడు. పాత డేటాబేసు ఉండగానే కొత్తది పక్కన తయారవుతుంది కాబట్టి డిస్కులో చోటుండాలి. నాది 25 జీబీ. రాత్రి 10:40కి రీబిల్డ్ (సైటు సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ మొదటినుంచి కట్టే కమాండ్) కొట్టి అన్నానికి వెళ్లాను, మామూలుగా పది నిమిషాల పని. వచ్చి చూస్తే డిస్కులో చోటు లేదని చెప్పి మధ్యలో ఆగిపోయి ఉంది. సైటు లేదు. డిస్కుని మింగింది ఏంటా అని చూస్తే, జాగ్రత్త కోసం తీసిన బ్యాకప్‌లు! ఆకుల ఫొటోలన్నిటితో సహా ఐదు కాపీలు, అదే డిస్కులో. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టు. ఒక బ్యాకప్‌ని నా లాప్‌టాప్‌లోకి దింపుకోవడానికే రెండు గంటలు. మిగతావి చెరిపి, లాంచర్ క్లీనప్‌తో పాత డాకర్ ఇమేజీలు తుడిచి, మళ్లీ రీబిల్డ్, అది అయ్యాక ఇంకోసారి రీబిల్డ్. తెల్లవారుజామున మూడైంది. పొద్దున్న ఏడింటికి పిన్నిగారు: "రాత్రి గులాబీ ఫొటో పెడదామంటే తెరుచుకోలేదు బాబూ, నా ఫోనేనా?" "మీ ఫోన్ కాదు పిన్నిగారూ, నేనే" అన్నాను. ఇప్పుడు బ్యాకప్‌లు వేరే చోటికి వెళ్తున్నాయి.

సర్వరు, మెయిలు, బ్యాకప్ అన్నీ కలిపి నెలకి రెండు వేల లోపు. చందాలతో నడుస్తోంది. యాభై మందే ఉండి, అందరికీ అందరూ తెలిసినవాళ్లే అయితే మీకు డిస్కోర్స్ వద్దు, వాట్సాప్ చాలు. నాలా కమాండ్ లైను ముందు కూర్చునే మనిషి ఒకరైనా లేకపోతే కూడా వద్దు, డబ్బు కట్టి డిస్కోర్స్ కంపెనీ దగ్గరే నడిపించుకోండి. అదే ప్రశ్న మూడోసారి వినపడుతున్న గుంపైతే మాత్రం ఒకసారి పెట్టి చూడండి.

మాస్టారి సంగతి చెబుతానన్నాను. మా దగ్గర సగం చర్చల శీర్షిక 'సార్ హెల్ప్ ప్లీజ్'. వాటిని ఏ వెతుకులాటా పట్టుకోలేదు. నాలుగో మెట్టు వచ్చినప్పటి నుంచి ఆయన రోజూ పొద్దున్న మొక్కలకి నీళ్లు పోసి వచ్చి, రాత్రి వచ్చిన శీర్షికలు దిద్దుతారు, పరీక్ష పేపర్లు దిద్దినట్టే. నిన్న రాత్రి వచ్చిన 'అర్జెంట్ అండీ' ఈ పొద్దున్నకి 'వంగ ఆకుల అడుగున తెల్లదోమ, రెండో వారం' అయింది. ట్యాగు కూడా పెట్టారు. నేను ఆదివారం మళ్లీ రీబిల్డ్ చెయ్యాలి. డిస్కు చూసుకున్నాను, 11 జీబీ ఖాళీ ఉంది.