గర్భిణి, బాలింత సంరక్షణపై అమెరికా ఆన్‌లైన్ కోర్సు: హైదరాబాద్ క్లినిక్‌లో చాలాకాలం వాడాక

ఫ్యామిలీ డాక్టర్ల కోసం అమెరికాలో తయారైన ఈ కోర్సులో గర్భిణి భాగం మన దగ్గర ఉన్నదున్నట్టు పనికిరాదు. అంకెలు మార్చుకుని చదవాలి. బాలింత భాగం మాత్రం కట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కాన్పు పేట్లబురుజు, కోఠి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో అయినా, ప్రైవేటులో అయినా, ఇంటికొచ్చాక ఆరు వారాల్లో ఏ బాధ వచ్చినా ముందు తలుపు తట్టేది వీధి చివరి క్లినిక్‌నే. ఆ ఆరు వారాల గురించి ఎంబీబీఎస్‌లో మనకు చెప్పింది బహు తక్కువ.

ముందు మార్చుకోవాల్సినవి. షుగరు పాఠంలో 50 గ్రాముల గ్లూకోజు తాగించి గంటకు చూస్తారు. ఎక్కువొస్తే మరోరోజు పరగడుపున 100 గ్రాములతో మూడు గంటల పరీక్ష. పరగడుపున రెండోసారి రమ్మంటే ఎంతమంది వస్తారో బస్తీ దవాఖానాలో కూర్చున్న ఎవరికైనా తెలుసు. మన జాతీయ మార్గదర్శకాల పద్ధతే ఇక్కడ నడుస్తుంది: తిన్నా తినకపోయినా 75 గ్రాములు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, 5-10 నిమిషాల్లో తాగించి, 2 గంటలకు ఒకే శాంపిల్. 140 లేదా ఆపైన వస్తే గర్భంలో షుగరే. మొదటి విజిట్‌లో ఒకసారి, బాగుంటే 24-28 వారాల్లో మళ్లీ. తప్పేది ఎక్కువగా పొడి దగ్గరే. ప్యాకెట్ మీద మోనోహైడ్రేట్ (నీటి అణువు కలిసిన గ్లూకోజు) అని ఉంటే తూయాల్సింది 75 కాదు, 82.5 గ్రాములు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ రుచి డబ్బాలు ఈ పరీక్షకు వాడొద్దు. అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్లీ చేయాలి, అరగంట దాటాక అయితే కొనసాగించొచ్చు. రంజాన్ మాసంలో షుగరున్న గర్భిణి రోజా ఉంటానంటే ఏం చెప్పాలన్నది కోర్సులో ఒక్క వాక్యం లేదు. పాతబస్తీలో ప్రాక్టీసున్నవాళ్లకు అది చిన్న లోటు కాదు.

రక్తహీనత పాఠం 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్ర చుట్టూ తిరుగుతుంది. అందులో అసలు ఇనుము 65 మిల్లీగ్రాములు. మన ప్రభుత్వ ఎర్ర మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు రోజుకొకటి. హిమోగ్లోబిన్ 11 లోపుంటే రెండు. 7 లోపైతే అది క్లినిక్‌లో తేలే పని కాదు, పంపించేయాలి. నెల రోజుల్లో కనీసం 1 గ్రాము పెరగకపోతే బ్రాండు మార్చేముందు రెండు ప్రశ్నలు అడగాలి. మలం నల్లగా వస్తోందా? ఇనుమును ఒంటికి పట్టనివ్వని క్యాల్షియం మాత్ర కూడా అదే పూట వేసుకుంటున్నారా? మొదటిదానికి ‘లేదు’ అంటే మాత్ర లోపలికి పోవడంలేదన్న అనుమానం పెట్టుకోవాలి. ‘ఇనుము మింగితే బిడ్డ నల్లగా పుడుతుంది’ అని ఇంట్లో ఎవరో చెప్పి ఉంటారు. మాత్ర మింగుతున్నా పెరగకపోతే ఎంసీవీని (ఎర్రకణం సగటు పరిమాణం) మిలియన్లలో ఉన్న ఎర్రకణాల సంఖ్యతో భాగించి చూడండి. 13 కంటే తక్కువైతే వంశపారంపర్యంగా వచ్చే థలసీమియా మైనర్ కోసం హెచ్‌బీఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్) పరీక్ష రాయాలి. ఈ చివరి విషయం కోర్సులో చక్కగానే ఉంది.

గర్భంలో ప్రమాదకరమైన బీపీ (ప్రీఎక్లాంప్సియా) రాకుండా ఆస్పిరిన్ ఎవరికివ్వాలన్న పట్టిక బాగుంది. వాళ్ల 81 మిల్లీగ్రాముల బదులు మనకు 75, 150 దొరుకుతాయి. 12 వారాలు నిండగానే మొదలెట్టాలి, 16 దాటనివ్వకూడదు.

బీపీ కొలిచే వీడియో మాత్రం ఈ భాగంలో అన్నిటికన్నా విలువైనది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనుడు, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో. పట్టీలోని గాలితిత్తి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేని మనిషికీ బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. చాలా క్లినిక్కుల్లో ఒక్క సైజే ఉంటుంది. పెద్ద పట్టీ విడిగా కొనుక్కోవాలి.

ఇక బాలింత భాగం. కాన్పయ్యాక బీపీ బాగా పెరిగేది 3-6 రోజుల మధ్య. సరిగ్గా అప్పటికి డిశ్చార్జయి పుట్టింట్లో ఉంటారు. నెలలు నిండేదాకా బీపీ లేనివాళ్లకూ ఇది రావచ్చు. తలనొప్పి అంటూ వస్తే ‘వెన్నులో మత్తు సూది వేశారుగా, అందుకే’ అని నొప్పి మాత్రతో పంపేయడం మన దగ్గర మామూలు. సూది వల్ల వచ్చే తలనొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఈ తేడా అడిగినా సరే, ముందు బీపీ చూడకుండా నిర్ణయానికి రావద్దని కోర్సు నొక్కి చెబుతుంది. రిసెప్షన్‌లో ప్రతి ఆడమనిషినీ ‘ఏడాదిలోపు కాన్పయిందా?’ అని అడిగి చీటీ మీద రాయించమంటుంది. ఖర్చులేని సలహా, వెంటనే అమలు చేయొచ్చు.

160/110 పదిహేను నిమిషాలు తగ్గకుండా ఉంటే ఏం చేయాలో వాళ్లు చెప్పింది సరైనదే, మందులే మన దుకాణంలో వేరుగా ఉంటాయి. నిఫెడిపిన్ 10 మిల్లీగ్రాములు మింగించాలి, నాలుక కింద పెట్టకూడదు. 20 నిమిషాలకు తగ్గకపోతే 20 మిల్లీగ్రాములు. పక్క మెడికల్ షాపులో ఎక్కువగా దొరికేది నెమ్మదిగా కరిగే రిటార్డ్ మాత్ర, అది ఈ పనికి రాదు. వెంటనే కరిగే రకం ముందే తెప్పించి పెట్టుకోవాలి. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్‌ను వీడియోలో పంపు మీద నరంలోకి ఎక్కిస్తారు. మన క్లినిక్‌లో పంపేముందు ఇచ్చే మోతాదు ఒక్కో పిరుదులో 5 గ్రాములు, లోతుగా కండలోకి. 50 శాతం, 2 మిల్లీలీటర్ల అంపూల్‌లో ఉండేది 1 గ్రాము, అంటే పక్కకు ఐదేసి అంపూళ్లు. ముందు లేబుల్ మీద శాతం చదవండి, 25 శాతానివి కూడా దొరుకుతాయి. శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదని, మోకాలి రిఫ్లెక్స్ ఉందని చూసుకుని ఇవ్వాలి. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడుగా 10 శాతం క్యాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు చేతికందేలా ఉండాలి. 108కు ఫోన్ ఈ పనులన్నీ అయ్యాక కాదు, మొదటి మాత్ర ఇస్తున్నప్పుడే.

డిప్రెషన్ పాఠం ఎడిన్‌బరో స్కేలు మీద నడుస్తుంది: 10 ప్రశ్నలు, గత 7 రోజుల సంగతి, మొత్తం 30 మార్కులు. మొత్తం ఎంత తక్కువొచ్చినా, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్న పదో ప్రశ్నకు సున్నా కాని జవాబొస్తే ఆ రోజే విడిగా మాట్లాడాలి. వీడియోలో బాలింత ఒంటరిగా వస్తుంది. మన దగ్గర అమ్మో అత్తగారో పక్కనే కూర్చుని జవాబులు తామే చెబుతారు. ‘అత్తమ్మా, బిడ్డను తీసుకెళ్లి తూకం వేయించండి’ అని నర్సు చేత అనిపిస్తే ఐదు నిమిషాలు దొరుకుతాయి. అవసరమైతే ఇవ్వడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 గోడమీద కాదు, చీటీ వెనక రాయడం మంచిది.

పథ్యం గురించి ‘స్థానిక ఆచారాలను గౌరవించండి’ అని ఒక్క ముక్కతో దాటేశారు. గౌరవిస్తాం, ఏవి ఆపాలో చెప్పండి మరి! వెల్లుల్లి కారం, మెంతులు, నువ్వులు ఉండనీయొచ్చు. నీళ్లు తగ్గించడం, పప్పూ ఆకుకూరా మాన్పించడం ఆపించాలి. మలబద్ధకం, కుట్ల నొప్పి, మూత్రంలో మంట అంటూ వచ్చేవాళ్లను రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లిస్తున్నారని అడిగితే సగం సంగతి బయటపడుతుంది. మూసిన గదిలో పసిబిడ్డ దగ్గర సాంబ్రాణి పొగ కూడా ఆపించాల్సిందే.

గర్భనిరోధం పాఠం ప్యాచ్, రింగ్ అంటూ పోతుంది. మనకు కావాల్సింది ప్రభుత్వం ఇచ్చే ఛాయ మాత్ర, అంతర ఇంజెక్షన్, కాపర్ టీ. ఛాయ మాత్ర కాన్పయిన వెంటనే మొదలెట్టొచ్చు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. పాలిచ్చే తల్లికి అంతర ఇంజెక్షన్ ఆరు వారాల తర్వాతే. కాపర్ టీ అయితే 48 గంటల్లోపు, లేదంటే ఆరు వారాలు దాటాక. ఆరు వారాలకు చేయాల్సిన మిగతా రెండూ కోర్సులో స్పష్టంగా ఉన్నాయి: గర్భంలో షుగరొచ్చినవాళ్లకు 75 గ్రాముల పరీక్ష, థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష. గర్భంలో పెంచిన థైరాయిడ్ మోతాదును కాన్పవగానే పాత మోతాదుకు దించాలి. గర్భంలో రాసిన చీటీనే చూపించి షాపులో మాత్రలు కొనుక్కుంటూ పోయేవాళ్ల దగ్గర ఇదే తప్పుతుంది.

భుజం ఇరుక్కున్న కాన్పు, వ్యాక్యూమ్ వంటి పాఠాలు నగరంలో కాన్పులు చేయని డాక్టరు వదిలేసినా నష్టం లేదు. రక్తస్రావం పాఠం మాత్రం వదలొద్దు.

వెసులుబాటు సంగతికొస్తే, లైవ్ క్లాసులు అక్కడి సెంట్రల్ టైము ప్రకారం రాత్రి 7కు. మనకు వేసవిలో తెల్లవారుజామున 5:30, చలికాలంలో 6:30. కోర్సు చదివినందుకు వచ్చే అమెరికా క్రెడిట్లు మన డాక్టరు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు, ఐదేళ్లలో 30 గంటల లెక్కకు, వాటంతటవే కలవవు. చెల్లుతాయో లేదో తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో కనుక్కున్నాకే డబ్బు కట్టండి. కేవలం క్రెడిట్ల కోసమైతే ఊళ్లో జరిగే సదస్సులే చవక. చందా గడువు ముగిశాక పాఠాలు తెరుచుకోవు. బాలింత బీపీ చార్టు, బీపీ కొలిచే పేజీ ముందే ప్రింటు తీసి ఒకటి టేబుల్ అద్దం కింద, ఒకటి నర్సు దగ్గర పెట్టుకోండి.